ఊరంతా చాటి బయల్దేరండి

ఈ సలహాలు మా వైపు పెద్దవాళ్లకు నచ్చవు. ఆడమనిషి ఒక్కతే బస్సెక్కుతుంటే తనకల్లులోనూ, పక్కన నల్లచెరువు, గాండ్లపెంటల్లోనూ ఇంటింటా చెప్పే జాగ్రత్తలకు ఇవి చాలావరకు ఎదురు. ఎవరితోనూ మాట్లాడొద్దని వాళ్లంటారు, మాట్లాడమని నేనంటాను. ఎక్కడికి పోతున్నావో బయట చెప్పొద్దంటారు, ఊరంతా చెప్పమంటాను. తెలిసినవాళ్లు వెంట ఉంటే భయం లేదంటారు, ఆ తెలిసినవాళ్లనే ముందు నాలుగు ప్రశ్నలు అడగమంటాను. తప్పుడు సలహాలనిపిస్తే అనిపించనీండి. చివరిదాకా చదివి, ఏ జాగ్రత్త ఎవరిని కాపాడుతున్నదో మీరే తేల్చుకోండి.

ఒంటరిగా పోవడం మా ఆడవాళ్లకు సరదాగా మొదలైంది కాదు. అనంతపురం సీమలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా శెనక్కాయకు ఊడలు దిగే వేళ మొహం చాటేస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి మాది శ్రీ సత్యసాయి జిల్లా అయింది గానీ మబ్బు మాత్రం పాత మబ్బే. మొదట మగవాళ్లు బెంగళూరు పోయారు. తర్వాత మొగుడూ పెళ్లాం పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి కలిసి పోయారు. ఇప్పుడు నర్సింగ్ చదువుకని, గార్మెంట్స్‌లో పనికని, కువైట్‌లో ఇంటిపనికని ఆడవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఇంట్లో కూర్చో, అదే క్షేమం అని చెప్పే సలహా వీళ్లకు ఒక పూట కూడా పనికిరాదు. పోక తప్పనివాళ్లకు ఎలా పోవాలో చెప్పాలి.

ఊళ్లో అందరికీ చెప్పండి

మా వైపు దూరప్రయాణమంటే గుట్టుగా సాగాలి. ముందే చెబితే దిష్టి తగులుతుందని, పని చెడుతుందని, నలుగురూ నాలుగు మాటలంటారని. కువైట్ పోయే ఆమె అయితే పక్కింటికి కూడా తెలియకుండా చీకటితో కదిరి బస్సెక్కుతుంది. ఆ గుట్టు ఎవరికి లాభమో ఆలోచించండి. ఆమె ఎవరితో పోయిందో, ఎక్కడ దిగిందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ఊళ్లో ఎవరికీ తెలియదు. కీడు తలపెట్టినవాడికి కావలసింది సరిగ్గా అదే. నలుగురి నోళ్లకు భయపడి మనమే అతనికి ఆ వసతి చేసిపెడుతున్నాం.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట పెద్ద పరివారమే ఉంది. అయినా ఏ ఊళ్లో మకాం చేసిందీ, దారి ఎలా ఉన్నదీ, ఏమి దొరికిందీ రాసి మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు తెలియజేస్తూ పోయాడు. ఆ రాతలే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. మందీమార్బలం ఉన్న మగమనిషే పదిహేను నెలల దారి పొడుగునా తన జాడ ఒకరికి తెలిసేలా చూసుకున్నాడు. ఒక్కతే పోయే ఆడమనిషిని జాడ దాచుకుని పొమ్మనడం ఏం న్యాయం?

చెప్పడానికి మంచి చోటు మన ఊళ్లలో ఇప్పటికే ఉంది. పొదుపు సంఘం. అప్పు ఎంత తీసుకున్నదీ, కంతు ఎంత కట్టిందీ పైసాతో సహా రాసుకునే ఆడవాళ్లు తమలో ఒకామె దేశం దాటి పోతుంటే ఒక్క ముక్క రాసిపెట్టుకోరు. ఇకనైనా రాయండి. పోయే ఊరు, ఉండే ఇంటి అడ్రసు, తీసుకుపోయే మనిషి పేరు, ఫోన్ నంబరు, ఆధార్ ఫొటో. మొదటి ఫోన్ ఏ రోజు వస్తుందో కూడా రాయండి; ఆ రోజు రాకపోతే ఎవరు ఎవరికి చెప్పాలో పేర్లతో రాయండి. తీసుకుపోయే మనిషిని సంఘం మీటింగుకు పిలవండి. వచ్చి అందరి ముందూ కూర్చుని మాట్లాడితే మంచిదే. రానన్నాడా, నొచ్చుకున్నాడా, ప్రయాణం అక్కడే ఆపేయండి. సచివాలయంలో మహిళా పోలీసు ఉంటే ఆమెకు ఒక కాపీ ఇవ్వండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఊరికి చెప్పమన్నాను గానీ వాట్సాప్‌లో స్టేటస్ పెట్టమనలేదు. ఎవరు చూస్తున్నారో తెలియని చోట, ఇప్పుడు నేను ఫలానా బస్టాండులో ఒక్కదాన్నే ఉన్నానని చెప్పుకోకూడదు. అక్కడినుంచి వచ్చేశాక ఎన్ని ఫొటోలైనా పెట్టుకోండి.

కొత్తవాళ్లతో మాట కలపండి

‘తల వంచుకుని కూర్చో, ఎవరైనా పలకరిస్తే పలకొద్దు.’ తల్లులందరూ చెప్పే మాటే. తల్లి ప్రేమను తప్పుపట్టను, కానీ ఈ మాట తప్పు. బస్సులో నోరు విప్పని పిల్లకు ఆపద వచ్చినప్పుడు ఆమె పక్కన ఒక్క మనిషి కూడా సిద్ధంగా ఉండడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?

ఎక్కగానే కండక్టరుతో మాట్లాడండి. ‘అన్నా, నేను మదనపల్లెలో దిగాల, ఒక్కదాన్నే ఉండా, వచ్చినప్పుడు చెప్పన్నా’ అంటే చాలు. అతను మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు, వెనక సీటువాడు కూడా ఆ మాట వింటాడు. పక్కన పిల్లల తల్లో, మందుల సంచితో ఆసుపత్రికి పోయే ముసలామో ఉంటే పలకరించండి. సాయం కావలసి వచ్చినప్పుడు ఎవరిని అడగాలో మీరే ఎంచుకోండి. మీరు ఎంచుకున్న మనిషి దుర్మార్గుడయ్యే అవకాశం తక్కువ. తనంతట తాను వచ్చి, అడగకుండానే సంచి అందుకుని, ‘నేనూ అటే పోతాండా, రా పాపా’ అనే మనిషి ఎంత మర్యాదగా ఉన్నా అతని వెంట అడుగు వేయకండి. మాట కలపండి గానీ ఇంటి అడ్రసు, రాత్రి ఉండే చోటు, చేతిలో ఉన్న డబ్బు ఈ మూడూ దారిలో కలిసినవాళ్లెవరికీ చెప్పకండి. కొత్త మనిషికి మీ ఫోన్ ఇవ్వకండి, అవసరమైతే నంబరు మీరే కొట్టి స్పీకరులో మాట్లాడించండి.

టికెట్ సంగతి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఐదు రకాల ఆర్టీసీ బస్సుల్లో మన రాష్ట్రం ఆడవాళ్లకు చార్జీ లేదు. డబ్బు ఇవ్వనప్పుడు టికెట్ ఎందుకని కొందరు తీసుకోరు, తీసుకున్నా నలిపి పారేస్తారు. ఆ సున్నా టికెట్‌ను ఇల్లు చేరేదాకా దాచండి. మీరు ఏ బస్సులో ఏ వేళకు ఉన్నారో చెప్పే సాక్ష్యం అది. చార్జీ లేదు కదా అని ఎవరైనా విసుక్కుంటే తగ్గి మాట్లాడాల్సిన పనీ లేదు. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ దగ్గర పెట్టుకోండి. బెంగళూరు సర్వీసులాంటి అంతర్రాష్ట్ర బస్సులకు ఈ పథకం వర్తించదు కాబట్టి ఆ చార్జీ వేరుగా తీసిపెట్టుకోండి.

గట్టిగా అరవండి, పరువు పోదు

రద్దీ బస్సులో చెయ్యి తగిలితే జరిగి నిలబడమని, ఇంకా తగిలితే దిగిపొమ్మని మనకు నేర్పారు. దిగిపోవలసింది మీరు కాదు. మొదటిసారికే గట్టిగా చెప్పండి. ఊరికే కేకలు పెడితే ఏం జరిగిందో అర్థంకాక జనం చూస్తూ ఉండిపోతారు. మనిషిని గుర్తుపట్టేలా చెప్పాలి. ‘నీలం చొక్కా వేసుకున్న నిన్నే, చెయ్యి తియ్యి’ అనండి. తర్వాత ఒక్కరిని చూపించి పని అప్పగించండి. ‘కండక్టరన్నా, బస్సు ఆపు. ఎర్రకోక అక్కా, నువ్వు చూసినావు కదా, చెప్పు.’ అందర్నీ కలిపి అడిగితే ఎవరూ కదలరు, ఒక్కరిని అడిగితే ఆ ఒక్కరూ కదులుతారు, వాళ్లను చూసి మిగతావాళ్లు లేస్తారు.

112కి ఫోన్ చేయండి. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా ఆ చుట్టుపక్కల వేరే కంపెనీ టవరు అందితే ఈ నంబరు కలుస్తుంది. గుట్టల మధ్య దారిలో ఇది తెలిసి ఉండటం చాలా ముఖ్యం. రాష్ట్ర పోలీసుల శక్తి యాప్ 2025 మార్చి 8 నుంచి ఉంది. ఇంట్లో ఉన్నప్పుడే వేసుకుని నేర్చుకోండి. ఆపదలో కూర్చుని యాప్ నేర్చుకోలేం.

తర్వాత పోలీస్ స్టేషన్. ‘ఇది మా పరిధి కాదు, కదిరికి పో, అనంతపురానికి పో’ అని చెప్పి తిప్పి పంపే కాలం చట్టంలో పోయింది. నేరం ఎక్కడ జరిగినా మీరు చేరిన స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్పేది అదే. ఆ సెక్షన్ నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఎదుటివాళ్లకు చట్టం తెలియదని కాదు, మీకు తెలుసని వాళ్లకు తెలియాలి.

రాత్రి బస్సెక్కండి, తెల్లవారి దిగండి

రాత్రి ప్రయాణం వద్దనేది మరో సలహా. పగలు మధ్యాహ్నం బయల్దేరి, దారిలో ఆలస్యమై, ముక్కూమొహం తెలియని ఊళ్లో రాత్రి పదకొండుకు దిగడం కంటే రాత్రంతా పదిమంది మధ్య కూర్చుని ఉదయం ఏడింటికి దిగడం ఎంతో మేలు. ఎప్పుడు బయల్దేరాలో చూసుకోకండి, ఎప్పుడు దిగుతామో చూసి వెనక్కి లెక్కపెట్టండి. బస్సు తొందరగా పోయి బెంగళూరు మెజెస్టిక్‌లో మూడున్నరకే దింపితే బస్టాండులోనే, ఆడవాళ్లు కూర్చున్న చోట, దీపం కింద కూర్చోండి. ‘ఈ వేళప్పుడు ఇక్కడ ఎందుకు, మా ఇల్లు పక్కనే’ అని ఎవరు పిలిచినా వెళ్లకండి, పిలిచింది ఆడమనిషి అయినా సరే. కొత్త ఇంటి మంచం కంటే బస్టాండు బల్ల నయం.

రైలు గురించి తక్కువే చెబుతాను. ధర్మవరం, పాకాల లైను మన ఊరి మీదుగానే పోతుంది, కాబట్టి ఒక్క విషయం తెలిసి ఉండాలి. టికెట్ లేకపోయినా, పోగొట్టుకున్నా, మగతోడు లేని ఆడమనిషిని రాత్రిపూట రైలు నుంచి దింపేయడానికి వీల్లేదు. ఆమె ఎక్కిన స్టేషన్‌లో గానీ, జంక్షన్‌లో గానీ, రైలు ఆగిపోయే ఆఖరి స్టేషన్‌లో గానీ, జిల్లా కేంద్రంలో గానీ, అదీ పగటిపూటే దింపాలి. ఇది 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్. రైల్వే సహాయం కోసం చేసే ఫోన్ నంబరు కూడా 139. గుర్తుపెట్టుకోవడం తేలిక.

తెలిసినవాణ్ని ఎక్కువ ప్రశ్నలడగండి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటేటా వేసే లెక్కల్లో అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితుడు ఆమెకు ముందే తెలిసినవాడు. కొత్తవాళ్లకు భయపడమని నేర్పి, తెలిసినవాళ్ల చేతిలో పెట్టి పంపడం మన దగ్గర జాగ్రత్త అనిపించుకుంటున్నది.

కువైట్ ఏజెంటు ఎవరు? చిన్నమ్మ కొడుకు స్నేహితుడు. పక్క ఊరి అల్లుడు. అక్కడ కొన్నేండ్లు చేసి వచ్చి మిద్దె కట్టుకున్న అక్క. ముందుగా ఎరిగినవాళ్లు కాబట్టి ప్రశ్నలు అడగడానికి మొహమాటం. ‘అన్న మీద నమ్మకం లేదామ్మా?’ అనగానే నోరు పడిపోతుంది. నమ్మకం ఉంది కాబట్టే అడుగుతున్నానని చెప్పి అడగండి.

మొదటి ప్రశ్న: లైసెన్సు నంబరు ఏది? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశంలో పనికి మనుషుల్ని పంపాలంటే కేంద్రం దగ్గర నమోదై ఉండాలి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటుకు ఆ చట్టంలో చోటే లేదు. నంబరు చెబితే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. చదువుకునే పిల్లలెవరైనా ఫోన్‌లో చూసి పెడతారు.

రెండోది: ఏ వీసా? మీరు పది పాసు కాకపోతే మీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమని ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు 30 ఏండ్లు నిండి ఉండాలి. వాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారా పంపాలని 2016లో కేంద్రం నిబంధన పెట్టింది. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్, అందరూ ఓంకాప్ అంటారు. ఇంటిపనికి ఇచ్చేది ఖాదిం వీసా. ‘ఇప్పుడు విజిట్ వీసా మీద పో, పోయినాక మార్పిస్తా’ అన్నాడంటే, ‘దుబాయ్‌లో దిగి అక్కడినుంచి పోదాం’ అన్నాడంటే, ‘ఎయిర్‌పోర్టులో అడిగితే చుట్టాల ఇంటికని చెప్పు’ అన్నాడంటే లేచి వచ్చేయండి. ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనీ. విజిట్ వీసా మీద పోయిన ఆమెకు ప్రవాసీ భారతీయ బీమా ఉండదు, పనిమనిషిగా అక్కడి చట్టం ముందు నిలబడటానికి కాగితం ఉండదు. అబద్ధం నేర్పి పంపినవాడు, ఆమె నిజం చెప్పుకోవాల్సిన రోజు వచ్చినప్పుడు ఫోన్ ఎత్తడు.

మూడోది: జీతం ఎన్ని దీనార్లు, ఇంట్లో ఎంతమంది, ఇల్లు ఏ ఊళ్లో, జహ్రానా, ఫర్వానియానా, సాల్మియానా? కాగితం మీద రాసివ్వమనండి. కువైట్‌లో ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇవ్వాలి. 2016లో కనీస జీతం 60 దీనార్లని పెట్టారు. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. ‘పాస్‌పోర్టు సేటు దగ్గరుంటేనే భద్రం, నీ దగ్గరుంటే పోగొట్టుకుంటావు’ అని ఇక్కడే నేర్పి పంపుతారు. ఎంత చెడ్డ సలహా! అడిగి మీ దగ్గరే పెట్టుకోండి. ఇవ్వకపోయినా మొదటి వారంలోనే పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, సివిల్ ఐడీ ఫొటోలు ఇంటికి పంపండి. పాస్‌పోర్టు నంబరు నోటికి నేర్చుకోండి. ఫోన్ లాక్కోగలరు గానీ నోటికి వచ్చిన నంబరు లాక్కోలేరు.

అక్కడ పనిచేసే ఇంట్లో ఉండలేని పరిస్థితి వస్తే? అక్కడి మనవాళ్లు చెప్పే సలహా ‘బయటికి వచ్చేయ్, మా రూముకు రా, బయట పని చూపిస్తాం’ అని. ప్రేమతోనే చెబుతారు. కానీ అలా వచ్చిన ఆమె మీద యజమాని పారిపోయిందని కేసు పెడతాడు, అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి పోతుంది, ఆమె ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేని మనిషి అయిపోతుంది. ఆ తర్వాత జ్వరం వచ్చినా ఆసుపత్రికి పోవడానికి భయం, ఇంటికి రావాలన్నా దారి లేదు. 2018లో, 2020లో, 2024లో కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గానీ ఎంతోమంది తిరిగి రాలేకపోయారు. కాబట్టి ఇల్లు దాటక తప్పకపోతే తెలిసినవాళ్ల రూముకు పోవద్దు. టాక్సీ పట్టుకుని నేరుగా భారత రాయబార కార్యాలయానికి పోండి. ఇలాంటి ఆడవాళ్లను ఉంచుకోవడానికి అక్కడ ఆశ్రయం ఉంది. బయల్దేరే ముందే ఒక టాక్సీ కిరాయికి సరిపడే దీనార్లు ఎవరికీ తెలియకుండా బట్టల్లో కుట్టుకోండి. ఈ వ్యాసంలో మనవాళ్లకు కూడా తెలియకుండా చేయమని నేను చెప్పేది ఇదొక్కటే.

పని లేకపోయినా ఒకసారి పోయి రండి

ధైర్యం వచ్చాక పోదామని కూర్చుంటే ధైర్యం రాదు. మన ఆడవాళ్లు పెండ్లికో, ఆసుపత్రికో, పనికో తప్ప బస్సెక్కరు. అందుకే మొదటి ఒంటరి ప్రయాణమే పెద్ద ప్రయాణమై కూర్చుంటుంది. పోవాల్సిన రోజుకు ముందే, ఏ పనీ లేకుండా, ఒక ఆదివారం తిమ్మమ్మ మర్రిమానుకు ఒక్కరే పోయి రండి. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు మన పక్కనే ఉంది, దాని నీడలో గంటసేపు ఎవరికీ జవాబు చెప్పకుండా కూర్చోండి. తర్వాత అనంతపురం, ఆ తర్వాత తిరుపతి. దారి అడగడం, బస్సు మారడం, చిల్లర కోసం గట్టిగా మాట్లాడటం అన్నీ దగ్గర ఊళ్లలోనే అలవాటు కావాలి. ‘ఊరికే ఎందుకు పోయినావు?’ అని ఇంట్లో అడిగితే చూడటానికి పోయినానని చెప్పండి. ఆడమనిషి చూడటానికి పోవడం తప్పేం కాదు.

ఇంట్లో ఉండేవాళ్లకు

పోయినామె క్షేమం సగం మీ చేతుల్లో ఉంది. ఆమె ఫోన్ చేసి ‘బస్సులో ఒకడు ఇట్ల చేసినాడు’ అంటే, ‘నేను ముందే చెప్పలేదా, తిరిగి వచ్చేయ్’ అనకండి. ఆ మాట విన్నామె ఇంకోసారి ఏమి జరిగినా మీకు చెప్పదు. చాలా ఘోరాలు మొదట్లోనే ఆగిపోయేవి. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని, పని మాన్పిస్తారని ఆడపిల్లలు దాచిపెట్టడం వల్ల అవి పెరిగాయి. ముందు ఎక్కడ ఉన్నావని అడగండి. పక్కన ఎవరున్నారని అడగండి. కాగితాలు చేతిలో ఉన్నాయా, తిన్నావా అని అడగండి. తప్పు నీది కాదని నోరు తెరిచి చెప్పండి, మనసులో అనుకుంటే ఆమెకు వినబడదు.

కాగితాల నకళ్లు ఒక కవరులో పెట్టి బీరువాలో దాచకుండా, ఇంట్లో అందరికీ తెలిసేచోట పెట్టండి. విదేశం పోయినామె నుంచి చెప్పిన రోజుకు ఫోన్ రాకపోతే ఏజెంటు ఇంటి చుట్టూ తిరుగుతూ వారాలు పోగొట్టుకోకండి. ఆ రోజే ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీఎస్ సంస్థకు, 0863 2340678కు ఫోన్ చేయండి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. ఫిర్యాదు నంబరు వస్తుంది. దాన్ని సంఘం పుస్తకంలో, ఆమె పేరు రాసిన పేజీలోనే రాయండి. తర్వాత ఎవరికి ఫోన్ చేసినా ఆ నంబరు ముందు చెప్పండి. అవతల ఎవరు మాట్లాడారో, ఏ తేదీన ఏమి చెప్పారో దాని కిందే రాస్తూ పోండి.